మీ మేనల్లుడి వకీలు మీ మేనల్లుడి మాట విన్నారా?

ప్రశ్న: మా అక్క కొడుకు ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పదో తరగతి మెమో ప్రకారం వాడికి 17 ఏళ్ల 4 నెలలు. ఆధార్ కార్డులో మాత్రం పుట్టిన సంవత్సరం ఒక ఏడాది ముందుది పడి, 18 దాటినట్టు చూపిస్తోంది. పన్నెండు రోజుల క్రితం రాత్రిపూట, తనకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లయిన ఇద్దరు స్నేహితులతో బైకు మీద వెళ్లాడు. దారిలో ఒకతన్ని ఆపి సెల్‌ఫోను, పర్సు లాక్కున్నారు. ఆ ఇద్దరిలో ఒకడు కత్తి చూపించాడట. మావాడు మాత్రం తాను బైకు మీదే ఉన్నానంటున్నాడు. పోలీసులు వాణ్ణి ఒక రాత్రి స్టేషన్లోనే కూర్చోబెట్టి, ఏవో కాగితాల మీద సంతకాలు తీసుకుని, మర్నాడు పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరిచారు. ఇప్పుడు, విచారణ తేలేదాకా పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నాడు. వాడి ఫోటో అప్పుడే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మేము పెట్టుకున్న వకీలు గారు "తప్పు ఒప్పుకుంటే మందలించి పంపేస్తారు, కేసు నడిపితే ఏళ్లు పడుతుంది" అంటున్నారు. మా బావ "కొన్నాళ్లు అక్కడే ఉండనీ, బుద్ధి వస్తుంది" అని బోర్డు దగ్గరకు రావడమే మానేశాడు. చూడటానికి వెళితే "మామా, ఇంటికెప్పుడు?" అని తప్ప వాడు ఏమీ మాట్లాడటం లేదు. ఒప్పుకోమని వాడికి చెప్పమంటారా? రేపు ఉద్యోగానికి ఇది అడ్డమవుతుందా? వకీలును మార్చాలా? 
— ఒక మేనమామ

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో పోలీసులు చేసినది ఉంది, వకీలు గారు అన్నది ఉంది, మీ బావగారి కోపం ఉంది, మీ భయం ఉంది. మీ మేనల్లుడు సంఘటన గురించి చెప్పిన మాట మాత్రం ఒక్కటే ఉంది: తాను బైకు మీదే ఉన్నానని. ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదేనని నా అభిప్రాయం. అయినా ఆ వాక్యాన్ని పట్టుకుని అతన్ని రెండో ప్రశ్న అడిగినవారు ఎవరూ మీ ఉత్తరంలో నాకు కనబడలేదు. అందువల్ల మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: ఒప్పుకోమని అతనికి మీరు చెప్పకండి, ఒప్పుకోవద్దని కూడా చెప్పకండి. ముందుగా వకీలు గారు అబ్జర్వేషన్ హోమ్‌కు వెళ్లి, మీరెవరూ పక్కన లేకుండా, కనీసం ఒక గంటసేపు అతనితో కూర్చోవాలి. మిగిలిన నిర్ణయాలన్నీ ఆ తరువాతివే.

ఫీజు ఇచ్చేది మీరే కావచ్చు, వకాలతు మీద సంతకం పెట్టేది తల్లో తండ్రో కావచ్చు. కానీ ఆ వకీలు కక్షిదారు మీ మేనల్లుడే. పిల్లల కేసుల్లో ఈ సంగతి చాలా తేలికగా మరుగున పడుతుంది, ఎందుకంటే ఫోను చేసేది పెద్దవాళ్లు, వాయిదా తేదీ అడిగేది పెద్దవాళ్లు, వకీలు ఎదుట కుర్చీలో కూర్చునేదీ పెద్దవాళ్లే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 3వ సెక్షన్‌లో కొన్ని మూల సూత్రాలను వరుసగా పేర్కొన్నారు. పిల్లలకు తమ మాట వినిపించుకునే హక్కు, తమకు సంబంధించిన నిర్ణయాల్లో పాలుపంచుకునే హక్కు ఉన్నాయన్నది వాటిలో ఒకటి. 14వ సెక్షన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, విచారణ మొదలుపెట్టేటప్పుడు ఆ పిల్లవాణ్ణి పోలీసులు గానీ మరెవరైనా గానీ బాధించలేదని బోర్డు స్వయంగా నిర్ధారించుకోవాలని చెబుతూ, ఆ "మరెవరైనా" అన్న మాటలో వకీలునూ, పిల్లవాడి ఇంటి పరిస్థితి చూసి బోర్డుకు నివేదిక ఇచ్చే ప్రొబేషన్ అధికారినీ కూడా పేరుపెట్టి చేర్చింది. పిల్లవాడి పక్షాన నిలబడవలసిన వకీలు వల్ల కూడా అతనికి అన్యాయం జరగవచ్చునని శాసనకర్తలు ఊహించి రాసిన మాట అది. నా వృత్తిలో ఉన్నవారందరూ దాన్ని ఒకసారి నెమ్మదిగా చదువుకోవాలని నేను కోరుకుంటాను.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో పదిహేనేళ్ల పిల్లవాడొకడి బెయిలు పిటిషన్ వేశాను. వివరాలన్నీ అతని తల్లి చెప్పింది, నేను రాసుకున్నాను. బోర్డు గది బయట బెంచీ చివర ఆ పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. తెగిన చెప్పు పట్టీని వేలితో లోపలికి దోపుతూ, అది మళ్లీ ఊడి వస్తుంటే మళ్లీ దోపుతూ ఉన్నాడు. నేను వంగి "బెయిల్ వస్తుంది, మీ ఇంటికి పంపిస్తారు, సరేనా?" అన్నాను. తల ఊపాడు. బెయిలు వచ్చింది. నాలుగో రోజుకే ఇంట్లోంచి వెళ్లిపోయాడు, మళ్లీ దొరికాడు, ఈసారి బెయిలు అంత సులభంగా రాలేదు. ఆ ఇంట్లో మారుతండ్రి చేతిలో దెబ్బలు తింటున్నాడనీ, అమ్మమ్మ దగ్గరకు పంపిస్తే ఉండేవాడనీ నాకు అప్పుడు తెలిసింది. మొదటి రోజున "ఎక్కడికి వెళతావు?" అని నేను అడగలేదు. "సరేనా?" అని మాత్రమే అడిగాను. పెద్దవాళ్లు "సరేనా" అంటే పిల్లలు తల ఊపుతారు. ఆ తల ఊపడాన్ని సమ్మతి అనుకోవడం నా తప్పు. మీ మేనల్లుడి విషయంలో ఆ తప్పు ఎవరూ చేయకూడదని నా ఆరాటం.

ఇక "తప్పు ఒప్పుకుంటే చాలు" అన్న సలహా సంగతి. ఏ తప్పు? వకీలు గారిని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఎఫ్‌ఐఆర్ ప్రతిని చేతిలోకి తీసుకుని, అందులో ఏ సెక్షన్లు ఉన్నాయో చూడండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, చేతిలోంచి వస్తువు లాక్కుపోవడం 304వ సెక్షన్. దానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, కాబట్టి జువెనైల్ జస్టిస్ చట్టం దృష్టిలో అది చిన్న నేరాల కోవలోకి వస్తుంది. బెదిరించి దోచుకుంటే 309వ సెక్షన్ కింద దోపిడీ. దానికి పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు, కానీ ఇంత తగ్గకూడదన్న కనీస శిక్ష లేదు. కాబట్టి అది తీవ్ర నేరం అవుతుంది గానీ ఘోర నేరం కాదు; కనీస శిక్షే ఏడేళ్లు ఉంటేనే ఘోర నేరం. ఈ తేడాను 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, 2021 సవరణతో అది చట్టంలోనే చేరింది. అయితే దోపిడీ చేస్తూ మారణాయుధాన్ని వాడితే 311వ సెక్షన్ వస్తుంది, దానికి కనీస శిక్షే ఏడేళ్లు. అది ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నదంటే కేసు ఘోర నేరాల కోవలోకి జారుతుంది. పదహారేళ్లు నిండిన పిల్లల విషయంలో అప్పుడు జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ కింద ప్రాథమిక మదింపు, అంటే ఆ నేరం చేయగల, దాని పర్యవసానాలు అర్థం చేసుకోగల శక్తి అతనికి ఉందా అన్న పరిశీలన జరుగుతుంది. దాని ఫలితాన్ని బట్టి, అతన్ని పెద్దవాడిగా విచారించవలసి ఉంటుందని బోర్డు భావిస్తే, కేసు చిల్డ్రన్స్ కోర్టుకు బదిలీ కావచ్చు.

ఇప్పుడు బైకు మీద ఉన్నానన్న ఆ వాక్యం దగ్గరకు మళ్లీ రండి. ఆయుధం వాడినందుకు పడే ఆ కనీస శిక్ష ఆయుధాన్ని వాడిన వ్యక్తికే వర్తిస్తుందని, ఇదే నిబంధన పాత శిక్షాస్మృతిలో 397వ సెక్షన్‌గా ఉన్న కాలంలో, 1975లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కత్తి ఎవరి చేతిలో ఉంది, అది ఉన్నదన్న సంగతి మీ మేనల్లుడికి ముందుగా తెలుసా, బైకు ఆపమన్నది ఎవరు, ఆపింది ఎందుకనుకున్నాడు, వస్తువులు తీసుకున్నాక ఏం మాట్లాడుకున్నారు, పర్సులోంచి అతనికి ఏమైనా ఇచ్చారా, ఇస్తే తీసుకున్నాడా: వీటికి వచ్చే జవాబులను బట్టి అతని కేసు చిన్న నేరం కావచ్చు, తీవ్ర నేరం కావచ్చు, ఘోర నేరం కావచ్చు, అసలు నేరమే కాకపోవచ్చు. ఆ జవాబులు తెలియకుండా "ఒప్పుకో" అనడమంటే, తెల్ల కాగితం మీద సంతకం పెట్టమనడమే. పోలీసు స్టేషన్‌లో అలాంటి సంతకాలు ఇప్పటికే ఒకసారి జరిగాయి.

ఇంకొక విషయం సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ వకీలు గారే ఆ ఇద్దరు పెద్దవాళ్ల కేసు కూడా చూస్తున్నారా? వకీలును కుదిర్చింది వారి తరఫు మనుషులా? పెద్దవాళ్లతో కలిసి పట్టుబడిన పిల్లలకు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "నువ్వు మైనరువి, నీకేమీ కాదు, నీ మీద వేసుకో." స్నేహం కొద్దీ, భయం కొద్దీ పిల్లలు వేసుకుంటారు కూడా. పెద్దవాళ్లతో కలిపి పిల్లల విచారణ జరపకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 23వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది, కాబట్టి ఆ ఇద్దరి కేసు మామూలు కోర్టులో, మీ మేనల్లుడిది బోర్డులో నడుస్తాయి. కానీ రెండు పక్షాల ప్రయోజనాలనూ ఒకే వకీలు మోస్తుంటే, కత్తి ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఆయన ఎవరి పక్షాన నిలబడతారు? ఆ ఇద్దరితో ఆయనకు సంబంధం ఉన్నదని తెలిస్తే మాత్రం మరో ఆలోచన లేకుండా వకీలును మార్చండి.

కేసు నడిపితే ఏళ్లు పడుతుందన్న భయాన్ని కొంత తగ్గించగలను. బోర్డు ముందు మొదటిసారి హాజరుపరిచిన తేదీ నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగియాలి. కారణాలు రాసి మరో రెండు నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరమైతే ఆ పొడిగింపు గడువు కూడా దాటగానే కేసు దానంతట అదే ముగిసిపోతుంది. తీవ్ర, ఘోర నేరాల్లో ఇంకా గడువు కావాలంటే చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ అనుమతించాలి. ఆచరణలో ఆలస్యాలు జరుగుతాయి, వాటిని నేను దాచను. కానీ బెయిలు మీద ఇంట్లో ఉండి, కాలేజీకి వెళుతూ ఎదుర్కొనే ఆలస్యం వేరు, హోమ్‌లో ఉండి ఎదుర్కొనేది వేరు. అందువల్ల తొందరపడవలసింది బెయిలు దగ్గర.

పిల్లవాడు నిజంగా తప్పు చేసి ఉండి, దాని అర్థమూ పర్యవసానమూ తెలుసుకున్నాక కూడా "నేను చేశాను, చెప్పేస్తాను" అంటే అతన్ని ఆపమని నేను అనను. అబద్ధం చెప్పమని పిల్లలకు నేర్పే వకాలత్ మీద నాకు గౌరవం లేదు. 18వ సెక్షన్ కింద బోర్డు మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, మంచి నడవడిక షరతుతో ప్రొబేషన్ మీద వదలవచ్చు, మూడేళ్లకు మించకుండా స్పెషల్ హోమ్‌కు కూడా పంపవచ్చు. ఆ జాబితాలో మందలింపు మొదటిదే గానీ చివరిది మూడేళ్లు. వకీలు గారు మొదటిది మాత్రమే చెప్పి, చివరిది చెప్పకుండా ఉంటే అతనికి సగమే చెప్పినట్లు.

బెయిలు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ మీరు చేయగలిగినది చాలా ఉంది. పెద్దవాళ్ల బెయిలుకూ పిల్లల బెయిలుకూ మూలంలోనే తేడా ఉంది. 12వ సెక్షన్ ప్రకారం, నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా, పిల్లవాణ్ణి పూచీకత్తుతోనో పూచీకత్తు లేకుండానో విడుదల చేయాలి. లేదా ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో గానీ, తగిన వ్యక్తి సంరక్షణలో గానీ ఉంచాలి. నిరాకరించడానికి మూడే కారణాలున్నాయి: బయటకు వస్తే నేరస్థులతో కలుస్తాడన్న నమ్మదగిన ఆధారం, అతనికే నైతికంగానో శారీరకంగానో మానసికంగానో ప్రమాదం, లేదా విడుదల వల్ల న్యాయం దెబ్బతినడం. నేరం పెద్దదన్నది ఆ మూడింటిలో లేదు. నిరాకరిస్తే బోర్డు కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. బెయిలు వచ్చి కూడా షరతులు తీర్చలేక ఏడు రోజులు లోపలే ఉండిపోతే, షరతుల సడలింపు కోసం అతన్ని మళ్లీ బోర్డు ముందుకు తీసుకురావాలి.

ఈ మూడు కారణాల్లో మొదటి రెండింటికీ జవాబు చెప్పవలసింది కుటుంబమే. ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. ఇంటి పరిస్థితి, చదువు, స్నేహాలు, తల్లిదండ్రుల వైఖరి అందులో ఉంటాయి. పన్నెండు రోజులు గడిచాయంటున్నారు, అంటే ఆ అధికారి నేడో రేపో మీ అక్కగారి ఇంటికి రావచ్చు, లేదా ఇప్పటికే వచ్చి వెళ్లి ఉండవచ్చు. ఆ సమయంలో మీ బావగారు "ఉండనీ, బుద్ధి వస్తుంది" అంటే, అది ఒక తండ్రి బాధలోంచి వచ్చిన మాటగా ఆ కాగితంలో కనబడదు. "తండ్రి బాధ్యత తీసుకోవడానికి సిద్ధంగా లేడు" అన్న ఒక పంక్తిగా మారుతుంది. ఆ పంక్తి బెయిలు నాడూ అడ్డం వస్తుంది, తుది ఉత్తర్వు నాడూ అడ్డం వస్తుంది. మీ బావగారికి ఈ సంగతి మీరే చెప్పండి. ఆయన కోపం తప్పని వాదించకండి. కోపాన్ని ఇంటికి వచ్చిన కొడుకు మీద చూపించుకోవచ్చని, బోర్డు ముందు మాత్రం పక్కన నిలబడాలని చెప్పండి. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు, కొన్నాళ్లు లోపల ఉంటే బుద్ధి వస్తుందన్న నమ్మకం నిజమైన సందర్భాలు నాకు గుర్తు లేవు. లోపల ఉన్న రోజుల్లో చదువు తెగుతుంది, తనకంటే ముదిరిన పిల్లలతో పరిచయాలు పెరుగుతాయి, ఇంటివాళ్లు వదిలేశారన్న మాట మనసులో నాటుకుంటుంది.

ఆయన ఎంత చెప్పినా రాకపోతే, చట్టంలో ఉన్న "తగిన వ్యక్తి" అన్న మాటను గుర్తుంచుకోండి. మేనమామగా మీరే ముందుకు వచ్చి, అతన్ని మీ ఇంట్లో ఉంచుకుని కాలేజీకి పంపుతానని, ఆ ఇద్దరితో కలవకుండా చూస్తానని బోర్డుకు రాతపూర్వకంగా చెప్పవచ్చు, మీరు తగినవారా కాదా అన్నది బోర్డు చూసుకుంటుంది. కాలేజీ హాజరు వివరాలు, ప్రిన్సిపాల్ ఇచ్చే లేఖ, పరీక్ష ఫీజు రసీదు, మీ ఇంటి చిరునామా ఆధారం బెయిలు పిటిషన్‌కు జతచేయించండి. పరీక్షల లోపు బెయిలు రాకపోతే, హోమ్ నుంచే పరీక్షలకు పంపేందుకు విడిగా పిటిషన్ వేయమని వకీలు గారిని అడగండి. మరొక మాట: బయటకు వస్తే ఎక్కడ ఉంటావని ముందు అతన్ని అడిగి, ఆ తరువాతే మీ ఇల్లు అని రాయించండి. నేను అడగకపోవడం వల్ల ఏమైందో పైన చెప్పాను.

స్టేషన్‌లో గడిచిన రాత్రి గురించి. ఇరవై నాలుగు గంటల్లోపు బోర్డు ముందు హాజరుపరచడం వరకు పోలీసులు చట్టాన్ని పాటించినట్లే కనబడుతోంది. పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమన్న ఆరోపణ ఉంది కనుక ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడమూ నిబంధనలకు లోబడినదే. పిల్లవాడొక్కడే అయి, నేరం ఘోరమైనది కాకపోతే, 2016 నమూనా నిబంధనల ప్రకారం ఎఫ్‌ఐఆర్ కూడా ఉండదు, స్టేషన్ డైరీలో రాసుకుంటారు. కానీ 10వ సెక్షన్ ప్రకారం పిల్లవాణ్ణి ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో ఉంచకూడదు. బాలల సంక్షేమ పోలీసు అధికారికి అప్పగించాలి, ఆ అధికారి మామూలు దుస్తుల్లో ఉండాలి, బేడీలు వేయకూడదు, తల్లిదండ్రులకు వెంటనే తెలియజేయాలి, ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కబురు పెట్టాలి, ఏ వాంగ్మూలం మీదా అతని సంతకం అడగకూడదు. పోలీసుల ఎదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్నది పెద్దవాళ్లకూ ఉన్న రక్షణే. కాబట్టి "సంతకం పెట్టేశాడు కదా, ఇక ఒప్పుకోక తప్పదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ రాత్రి ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరైనా కొట్టారా, ఎన్ని కాగితాల మీద సంతకం చేశాడు, చదివి వినిపించారా అన్న వివరాలు వకీలు గారు అతని నోటి నుంచి విని, తదుపరి వాయిదాలో రాతపూర్వకంగా బోర్డు దృష్టికి తేవాలి. దెబ్బలు తగిలాయంటే వైద్య పరీక్ష ఆ రోజే కోరాలి. వారం ఆలస్యమైతే గాయం మానిపోతుంది.

వయసు విషయంలో మీరు బెంగ పెట్టుకోనక్కరలేదు, అయితే కాగితం సిద్ధంగా ఉంచుకోవాలి. 94వ సెక్షన్ ప్రకారం వయసు నిర్ధారణకు మొదట చూడవలసింది పాఠశాల ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి బోర్డు ధ్రువపత్రం. అవి లేకపోతే పురపాలక సంస్థ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ వరుసలో ఆధార్ ఎక్కడా లేదు. పుట్టిన తేదీ నిర్ణయానికి ఆధార్ తగిన ఆధారం కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. లెక్కలోకి వచ్చేది సంఘటన జరిగిన నాటి వయసు. విచారణ మధ్యలో అతనికి పద్దెనిమిది నిండినా కేసు బోర్డు ముందే, పిల్లవాడి కేసుగానే కొనసాగుతుంది. పదో తరగతి మెమో అసలు ప్రతిని వకీలు దగ్గర వదిలిపెట్టకండి. బోర్డుకు చూపించి, నకలు దాఖలు చేసి, వెనక్కి తెచ్చుకోండి.

ఉద్యోగం గురించి మీ భయానికి చట్టం మంచి జవాబే ఇచ్చింది. ఈ చట్టం కింద విచారణ జరిగిన పిల్లవాడికి ఆ కారణంగా ఏ అనర్హతా అంటకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. నిర్ణీత గడువు (అప్పీలు గడువు వంటిది) ముగిశాక ఆ కేసు రికార్డులను నాశనం చేయాలని కూడా చెబుతోంది. ముగిసిన కేసు వివరాలను పోలీసులు నడవడిక ధ్రువపత్రం కోసం వెల్లడించకూడదని 74వ సెక్షన్ అంటోంది. మైనరుగా ఉన్నప్పటి కేసును చూపి, ఎంపికైన అభ్యర్థికి ఉద్యోగం నిరాకరించడం సరికాదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే పదహారేళ్లు దాటిన పిల్లవాణ్ణి చిల్డ్రన్స్ కోర్టు పెద్దవాడిగా విచారించి దోషిగా తేలిస్తే 24వ సెక్షన్ రక్షణ దొరకదు. ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ ఉందో చూడమని పైన అంతగా పట్టుబట్టింది ఇందుకే. ఒకవేళ 311వ సెక్షన్ ఉండి ప్రాథమిక మదింపు జరిగేటట్లయితే, అది మూడు నెలల్లో ముగియాలి. బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రం తెలిసిన నిపుణులు లేకపోతే అలాంటివారి సహాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మదింపు ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే ముప్పై రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

వాట్సాప్‌లో తిరుగుతున్న ఫోటో కూడా ఈ భవిష్యత్తుకు సంబంధించినదే. పిల్లవాడి పేరు, ఫోటో, బడి, చిరునామా ఏదైనా ప్రచారం చేయడం నేరం, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఎవరు పంపారో తెలిసేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచి, బోర్డుకు ఫిర్యాదు ఇవ్వండి. మీ బంధువుల గ్రూపుల్లో మాత్రం ఈ రాత్రే తీయించండి.

వకీలును మార్చాలా అన్నారు. ఆ ఇద్దరితో సంబంధం లేదని తేలితే, వెంటనే మార్చమని నేను అనను. ముందు ఆయన్ని నాలుగు మాటలు అడగండి: మీరు అతనితో ఒంటరిగా ఎంతసేపు మాట్లాడారు, కత్తి గురించి అతను ఏమన్నాడు, ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లు ఉన్నాయి, బెయిలు పిటిషన్ ఎప్పుడు వేస్తున్నారు. రెండో ప్రశ్నకు ఆయన "అది నేను మీకు చెప్పకూడదు" అంటే నొచ్చుకోకండి, మంచి వకీలు దొరికాడనుకోండి. కక్షిదారు చెప్పిన రహస్యాన్ని మేనమామకు కూడా చెప్పకపోవడం ఆయన ధర్మం. మొదటి ప్రశ్నకే "అతనితో మాట్లాడేదేముంది, చిన్నపిల్లాడు" అంటే అప్పుడు మార్చండి. డబ్బు లేదని ఆగవద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. బోర్డునే నేరుగా అడగవచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఉచితంగా వచ్చే వకీలు సరిగా చూడరన్న అనుమానం మీకుంటే, ఆయన్నీ ఇవే నాలుగు ప్రశ్నలు అడగండి.

ఈసారి చూడటానికి వెళ్లినప్పుడు అతను మళ్లీ "మామా, ఇంటికెప్పుడు?" అంటాడు. రేపో ఎల్లుండో అని చెప్పి ఊరడించకండి. తెలియని తేదీ చెబితే అది తప్పినప్పుడు మీ మాట కూడా నమ్మడం మానేస్తాడు. మీకు ఖచ్చితంగా తెలిసినవి రెండు ఉంటాయి: వకీలు గారు అతన్ని కలవడానికి వచ్చే రోజు, బోర్డు తదుపరి వాయిదా తేదీ. ఆ రెండూ చెప్పండి, హోమ్ వారు అనుమతిస్తే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. వకీలు గారిని తాను అడగాలనుకున్నవన్నీ అదే కాగితం వెనుక రాసుకోమనండి, రాసినవి మీకు చూపించనక్కరలేదని కూడా చెప్పండి.